పన్నెండోసారి విన్న వార్త

అధ్యక్షత వహిస్తున్న మాజీ కౌన్సిలర్ గణేశ్వరరావు గారూ, ముందు వరుసలో కూర్చున్న రత్నమణి గారూ, నర్సీపట్నం మైక్ సెట్ల అసోసియేషన్ పెద్దలూ, పనులు మానుకుని వచ్చిన మీరందరూ, నమస్కారం.

నా పేరు వెంకటదుర్గ. ఇక్కడి లైబ్రరీలో పనిచేస్తాను. మనం పోగొట్టుకున్న మైక్ సత్యప్రకాష్ గారు చైర్మన్ పాత్ర వేసిన ‘మళ్లీ గురువారం’ అనే శ్రవ్య నాటకం రాసింది నేను. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. కాన్వెంట్‌లో ఉపన్యాస పోటీకి నిలబెడితే మూడో వాక్యానికే దిగిపోయాను. అందుకే కాగితం చూసి చదువుతున్నాను. మన్నించండి.

ఆయన కోసం చర్చిలో ఆదరణ కూటం పోయిన వారమే జరిగింది. మరి ఈ సభ ఎందుకు పెట్టుకున్నాం? ఎవరూ పైకి అనడం లేదు కానీ అందరికీ తెలుసు. ఈ రోజు కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. రెండు వారాల కిందట ఆయన్ని సమాధి చేసినప్పుడు, పాయకరావుపేట నుంచి వచ్చిన బంధువులతో కలిపి, అక్కడ ఉన్నది పందొమ్మిది మంది. మీరు లేరు. నేనూ లేను.

ఎందుకు లేము? కబురు అందలేదా? అందింది. ఊరంతటికీ అందింది. ఆటో వీధి వీధీ తిరిగింది. విన్నాం. విని నవ్వుకున్నాం.

బంధువుల్లో నాటకం విననివారు ఉంటారు. వారికి చెప్పాలి. అది 2140లో జరిగే కథ. తాండవ రిజర్వాయర్ నీళ్ల మీద ఒక పట్టణం తేలుతూ ఉంటుంది. దాని చైర్మన్ మీద గురువారం పదకొండు గంటలకు అవిశ్వాస తీర్మానం. సగం మంది కౌన్సిలర్లను ఎవరో క్యాంపుకు తరలించారు. ఓటింగుకు పావుగంట ముందు చైర్మన్ తాగే టీలో ఎవరో విషం కలుపుతారు. ఆయన చనిపోతారు. కళ్లు తెరిస్తే మళ్లీ అదే గురువారం, అదే ఉదయం. ఈసారి టీ ముట్టరు. చావు వేరే దారిలో వస్తుంది. మళ్లీ గురువారం. భాగానికొక చావు, భాగానికొక ద్రోహి. వారానికొకటి చొప్పున పదకొండు భాగాలు మీరు ఫోన్లలో విన్నారు. పన్నెండోది చివరిది.

ప్రతి భాగం ఒక ప్రకటనతో మొదలవుతుంది. ‘పట్టణ ప్రజలకు విచారకరమైన వార్త. మన సత్యప్రకాష్ గారు ఈ ఉదయం కన్నుమూశారు.’ ఆ ప్రకటన చదివేది ఆయన స్నేహితుడు అప్పలరాజు గారు. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో మైకు ప్రచారం చేసే ఆ ఇద్దరిదీ ఒకే ఆటో, ఒకే మైకు. కొత్త భాగం వచ్చిందని ఊరికి తెలియడానికి, గురువారం ఉదయం ఎనిమిదింటికి ఆ ప్రకటననే ఆటోలో వినిపించేవారు. పదకొండు గురువారాలు ఈ ఊరు ఆ మాట విని, ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

చైర్మన్‌కు ఆయన పేరే ఎందుకు పెట్టావని కొందరు నన్ను అడిగారు. నేను పెట్టలేదు. నేను రాసుకున్న పేరు విక్రమసింహ. మొదటి రోజు రికార్డింగులో ‘విక్రమసింహ గారూ’ అని పిలిస్తే ఆయన పలకలేదు. రెండోసారీ పలకలేదు. మూడోసారి పిలిస్తే, ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశారు. అప్పలరాజు గారు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు. ‘పేరు మార్సీమ్మా. పిలిస్తే పలికే పేరు నాకొకటుంది గదా, అదే ఎట్టీ’ అన్నారు సత్యప్రకాష్ గారు. కొట్టేసి ఆ పేరు రాశాను. ఒక్క పేరు. అంత చిన్న దిద్దుబాటు.

బుధవారం సాయంత్రం గొలుగొండలో ప్రచారం ముగించుకుని వస్తుంటే దారిలో ఆయన గుండె ఆగింది. మర్నాడు గురువారం. ఉదయం ఎనిమిదింటికి అప్పలరాజు గారు ఆటో తీశారు. అదే ఆటో. అదే గొంతు. అదే పేరు. అదే రోజు. చదువుతూ మధ్యలో ఏడ్చారు. బస్టాండు దగ్గర టీ తాగుతున్నవాళ్లు ‘ఈపాలి అప్పలరాజు ఇరగదీసాడ్రా’ అనుకున్నారట. అలా అన్నవారు ఈ హాల్లోనే ఉన్నారు. వారిని నేను తప్పు పట్టడం లేదు. నేనేం చేశానో వినండి.

లైబ్రరీ కిటికీలోంచి నేనూ విన్నాను. నన్ను అడగకుండా పన్నెండో భాగం ప్రకటించారని కోపం వచ్చింది. వాక్యం మార్చారని కూడా గమనించాను. నేను రాసేది ‘ఈ ఉదయం’. ఆయన చదివింది ‘నిన్న సాయంత్రం’. పైగా ‘మధ్యాహ్నం మూడు గంటలకు భూస్థాపన’ అని ఒక కొత్త వాక్యం. అది బాగుంది, నిజంలా ఉంది అనుకున్నాను. ఫోను కట్టేసి, కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తూ కూర్చున్నాను.

సాయంత్రం అయిదున్నరకు అప్పలరాజు గారు లైబ్రరీకి వచ్చారు. కాళ్లకు ఎర్రమట్టి ఉంది. నేను మొదట అడిగిన మాట ఇది: ‘నిన్న సాయంత్రం అని ఎందుకు మార్చారండీ?’

ఆయన ‘నాను మార్సలేదమ్మా’ అన్నారు.

అప్పటి నుంచి నాకేదీ వరుసలో లేదు. ఆయన గురించి మాట్లాడమంటే, ఏది ఆయన అన్న మాటో, ఏది నేను రాసిన మాటో తెలియడం లేదు. ‘గొంతు అద్దెకిస్తాను గానీ మాట ఇవ్వను’ అనేవారు కదా అని ఆయన భార్య రత్నమణి గారి దగ్గర అన్నాను. ‘అది నాటకంలోదమ్మా’ అన్నారావిడ. ఇంటికి వెళ్లి చూశాను. నిజమే. అయిదో భాగం, నా చేతిరాత. కానీ నాకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన దగ్గర విని రాశానా? నేను రాశాక ఆయన అనడం మొదలుపెట్టారా? అడుగుదామంటే, అడగవలసిన మనిషి ఒక్కరే.

అందుకని, నేను రాయలేదని కచ్చితంగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. దానికి సాక్షి ఈ వేదిక మీదే ఉన్నారు.

మున్సిపల్ ఎన్నికల ప్రచారానికి ఆఖరి రోజు. అయిదింటికి మైకులు ఆగిపోవాలి. టైము నాలుగున్నర. అభ్యర్థి గణేశ్వరరావు గారు మెడలో దండతో మైకు ఆటోలోనే కూర్చుని ఉన్నారు. సందు మలుపు తిరగగానే ఒక ఇంటి ముందు షామియానా, దాని కింద ఫ్రీజర్ బాక్సు కనిపించాయి. సత్యప్రకాష్ గారు మైకు కట్టేశారు. ఇంజను కట్టేశారు. దిగి, ఆటోను చేతులతో తోయడం మొదలుపెట్టారు. టైము అయిపోతోందని అభ్యర్థి కేకలేస్తే ఒకటే మాట అన్నారట. ‘మనకి ఓట్లు మళ్లీ వస్తాయి బాబూ. ఆ ఇంటికి ఆ మనిసి మళ్లీ వస్తాడేటి?’ గణేశ్వరరావు గారు కూడా దిగి, గంజి పెట్టిన తెల్లచొక్కాతో సందు చివరిదాకా ఆటో తోశారు. ఆ సందులో ఓట్లన్నీ తనకే పడ్డాయని ఇప్పటికీ చెబుతారు. 

ఈ సంగతి నాకు మొన్ననే తెలిసింది. ముందే తెలిసి ఉంటే, మనిషి ప్రతి గురువారం తిరిగొచ్చే నాటకం రాసేదాన్నా? ఆయన అది తీసుకుని ఏమీ అనకుండా ఎలా చదివారు? ఏమో. తెలియదు.

ఆయన్ని నేను చివరిసారి చూసింది మంగళవారం. అప్పలరాజు గారి మైక్ సెట్ గోడౌన్‌లో రికార్డింగు. శబ్దం గోడలకు తగిలి తిరిగి రాకుండా చుట్టూ షామియానా గుడ్డలు కట్టేవాళ్లం. ఆ రోజు నా దగ్గర కాగితాలు లేవు. చివరి భాగంలో చైర్మన్‌ను బతికించాలో చంపాలో నేను తేల్చుకోలేదు. ‘బేగి తేల్చమ్మా’ అన్నారాయన. ‘పదకొండుసార్లు సచ్చాను. ఉంచుతావో పంపుతావో సెప్తే, నానూ దానికి తగ్గట్టుంటాను.’ నేను నవ్వాను. గురువారం లోపల రాస్తానన్నాను.

కాగితాలు లేకపోతే మౌనమైనా తీసుకుందాం అన్నారు. ప్రతి రికార్డింగులోనూ ఒక నిమిషం అందరం కదలకుండా కూర్చునేవాళ్లం. మాటకూ మాటకూ మధ్య ఖాళీలో ఆ మౌనాన్ని అతికించాలి. కంప్యూటర్లో శబ్దం తీసేస్తే సరిపోదా అని మొదట్లో అడిగాను. ‘అది కరెంటు పోయినట్టుంటాదమ్మా. మనుసులుండి మాటాడకపోతే, అదీ మౌనం’ అన్నారు. ఇది ఆయన మాటే. నేను ఇంత బాగా రాయలేను.

పన్నెండో భాగానికి మా దగ్గర ఉన్నది ఆ ఒక్క నిమిషమే.

దాన్నేం చేయాలి? నాటకం ఆపేయాలా? రత్నమణి గారిని అడిగాను. మొదటి రోజు ‘ఆ గొంతు ఇంక నాకు ఇనిపించకండి’ అన్నారు. వారం తిరిగి గురువారం వచ్చింది. ఉదయం తొమ్మిదింటికి ఆవిడే ఫోను చేసి ‘ఆటో రాలేదేటమ్మా?’ అన్నారు. గొంతు వినిపించకూడదు, గురువారం రావాలి. రెండూ ఎలా కుదురుతాయి? పదకొండు వారాలు ఆయన చావును తేల్చింది నేను. ఈ ఒక్కటి తేల్చలేకపోయాను.

ఆ నిమిషాన్ని తీసుకుని వారింటికి వెళ్లాను. అప్పుడు చెప్పారావిడ. పగలంతా ఊరి కోసం అరిచి, ఇంటికి రాగానే ఆయన నోరు తెరిచేవారు కాదట. గొంతు దాచుకోవాలి కదా. అన్నం వడ్డిస్తే చాలంటూ చెయ్యి అడ్డం పెట్టేవారట, అంతే. ‘ఆయన అన్నేసి మాటలాడ్డం నాను నాటకంలోనే ఇన్నానమ్మా. ఎవరోలాగుండేవోరు’ అన్నారు. 

ఆవిడ చెవికి ఇయర్‌ఫోన్ పెట్టాను. మొదట ఊపిరి. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమనడం. ఎక్కడో దూరంగా బస్సు హారను. మధ్యలో దగ్గు వస్తే మింగేశారు. రత్నమణి గారు కళ్లు మూసుకుని ‘ఇదీ. ఈయనే’ అన్నారు. నిమిషం చివర ఆయన గొంతు ఒక్కసారి వస్తుంది. రికార్డింగు ఆపమని ‘సాలమ్మా’ అంటారు. అది రాకముందే ఆపబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

మిత్రులారా, చివరి భాగం ఎప్పుడని చాలామంది అడుగుతున్నారు. ఇదే. చైర్మన్ బతికారా? టీలో విషం కలిపింది ఎవరు? దయచేసి నన్ను అడగకండి. దాచడం లేదు. నాకు నిజంగా తెలియదు.

ఈ రోజు గురువారం. అప్పలరాజు గారు ఆటోను ఈ హాలు గుమ్మం దగ్గర ఆపి ఉంచారు. ఈసారి ప్రకటన లేదు. ఆ నిమిషం ఒక్కటే ఆటో మీది మైకు హార్న్‌లోంచి వస్తుంది. అది వినపడాలంటే మనం చప్పుడు చేయకూడదు. సమాధి దగ్గర నిలబడవలసిన నిమిషం మనందరికీ బాకీ ఉండిపోయింది. అక్కడ లేనందుకు ముందుగా నేను రత్నమణి గారికి, అప్పలరాజు గారికి క్షమాపణ చెబుతున్నాను.

ఫోన్లు కట్టేయండి. ఫ్యాన్లు కూడా కట్టేయమని మనవి. రికార్డింగప్పుడు ఆయన ముందు అవే కట్టించేవారు. కుర్చీలు చప్పుడు కాకుండా కొంచెం వెనక్కి జరిపి, అందరూ లేచి నిలబడండి.

టైము నేను చూడను. ఆయన చాలన్నాక కూర్చుందాం.