షిఫ్టు తెలిసిన కోడి

వాకాడు రోడ్డు మలుపులో, ఆదిశేషమ్మ టీ అంగట్లో, ఇంకా తెల్లారక ముందే గంగులయ్య బెంచీ మీద కుదురుగా కూర్చున్నాడు. కాళ్ళ మధ్య గోనెసంచి కప్పిన చేపల గంప.

"గంపలో ఏందన్నా?" అన్నాడు ఆటో మస్తాన్, ఆవలిస్తా.

"రొయ్యలు. గంప సంగతి వదిలెయ్యి, నా కోడి సంగతి విను. మా పుంజుంది గదా, గంగమ్మకు మొక్కుకొన్నది. జాతర దాకా దాన్ని అమ్మకూడదు, కొయ్యకూడదు, ఇంకొకరి చేతికి ఇయ్యకూడదు. పక్కిల్లేమో జయకుమార్‌ది. కృష్ణపట్నం పక్కన కరెంటు ప్లాంటులో నైట్ డ్యూటీ. మనిషి తెల్లారుజామున వచ్చి అట్ట కన్ను మూస్తాడో లేదో, ఇది ఇట్ట గొంతెత్తుతుంది. పోయిన నెల గోడ మీద తల పెట్టి, 'గంగులన్నా, ఇంకోసారి కూసిందంటే నీళ్ళ పైపు పీకేస్తా' అన్నాడు. మా బోరులో ఉప్పునీళ్ళబ్బయా! తాగేదీ వండేదీ వాళ్ళ బోరు నీళ్ళే. ఆ పైపు పోతే నా పెళ్ళాం నన్ను ఇంట్లో ఉండనిస్తుందా?"

"మరేం చేసినావు?"

"ఏం చేసేది? పుంజును ఒళ్ళో కూర్చోబెట్టుకొని ఒక్క మాట చెప్పినా. 'నాయనా, ఆయన పడుకొన్నప్పుడు గమ్మునుండు' అని. అంతే! మరుసటి రోజు నుంచి మెడ సాగదీస్తుంది, రెక్కలు కొడుతుంది, నోరు తెరుస్తుంది, చప్పుడు మాత్రం బయటికి రాదు."

"నోట్లో గుడ్డ కుక్కినావేమో."

"ఛీ! అమ్మవారి కోడికి గుడ్డ కుక్కితే కళ్ళు పోవూ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? జయకుమార్ డ్యూటీలన్నీ అదే నేర్చుకొనింది. గోడెక్కి, వాళ్ళ గుమ్మం ముందర ఆయన బూట్లు ఉండాయా లేదా అని చూస్తుంది. ఉంటే గమ్మున దిగుతుంది, ల్యాకుంటే దర్జాగా కూస్తుంది. షిఫ్టు చార్టు మారితే ఆయనకంటే ముందు దానికే తెలుస్తుంది. ఆయన పెళ్ళాం మెర్లిన్, 'అన్నా, ఈ వారం మా ఆయనకు ఏ డ్యూటీనో మీ కోడిని కాస్త కనుక్కో' అంటా ఉండాది!"

గంప కదిలింది. గంగులయ్య దాన్ని మోకాలితో నొక్కిపెట్టి గట్టిగా దగ్గినాడు.

"రొయ్యలు మంచి బలంగా ఉండాయే," అన్నాడు మస్తాన్.

"టైగర్ రొయ్యలబ్బయా. ఇంక విను. ఈ సంగతి చిట్టమూరు దాకా పాకింది. అక్కడి పుంజులు ఇరవై, వరస కట్టి, రోడ్డుకు ఎడమ పక్కనే నడుచుకుంటా వచ్చి మా దొడ్లో కూర్చున్నాయి, నేర్చుకొనేదానికి. ముసలిదొకటి బస్సులో వచ్చింది."

"టికెట్టు తీసుకొనిందా?" గ్లాసులు కడుగుతా అడిగింది ఆదిశేషమ్మ.

"వయసు చూసి కండక్టరే వద్దన్నాడక్కా. అంతటితో అయిపోయిందా? కృష్ణపట్నం రేవులో ఓడలు హారను మానేసినాయి. యాడిదో దేశం కెప్టెను మా వాకిట్లోకొచ్చి, టోపీ తీసి, 'అయ్యా, మీ కోడి ఒప్పుకొంటేనే కొడతాం' అన్నాడు, తెలుగులోనే! ఇంక సూర్యుడంటావా, కోడి కూయకపోతే తెల్లారిందని ఆయనకెట్ట తెలుస్తుంది? పాపం, రోజూ సముద్రంలోనుంచి కాస్తంత తల ఎత్తి, 'గంగులయ్యా, రానా? జయకుమార్ లేచినాడా?' అని అడుగుతాడు. నేను ఊ అంటేనే పొద్దు. ఇదో, నేను లేచి ఇట్ట చెయ్యెత్తితే గానీ..."

లేచినాడు. మోకాలు పక్కకు జరిగింది.

"కొక్కొరొక్కో!"

గోనెసంచి ఎగిరి బెంచీ కింద పడింది. ఎర్రటి తురాయి ఒకటి గంపలోనుంచి పైకి లేచి, అంగడంతా కలయజూసింది.

"రొయ్య కూసింది," అన్నాడు మస్తాన్.

ఆదిశేషమ్మ గ్లాసు కింద పెట్టింది. "నెలనాళ్ళుగా చూస్తా ఉండా గంగులయ్యా. నాలుగున్నరకల్లా దాన్ని గంపలో పెట్టుకొని వచ్చి, నా అంగట్లో కూయించి, పొద్దెక్కినాక తీసుకొనిపోతావు. నిద్ర చెడిందని మా వెనకింటామె నాతో మాట్లాడేదే మానేసింది. మొక్కుకోడి గదా అని ఓర్చుకొన్నా."

గంగులయ్య గొంతు తగ్గిపోయింది. "ఏం చేసేదక్కా? దాన్ని కొయ్యలేను, ఆ నీళ్ళు లేకుండా బతకలేను. నాకు వేరే దారి కనపడలా."

"నువ్వు నోరు మూస్తే చెప్దామని అప్పట్నుంచీ చూస్తా ఉండా. నిన్న సంతలో మెర్లిన్ కనపడింది. జయకుమార్‌కు పగటి డ్యూటీ పడి పది రోజులైందంట. కోడికూత లేక, మెలకువ రాక, మూడుసార్లు కంపెనీ బస్సు తప్పిపోయినాడంట."

"సెల్లులో అలారం పెట్టుకోవచ్చు గదా?" అన్నాడు మస్తాన్.

"దాన్ని నిద్రలోనే నొక్కేస్తాడంట. ఇంకోసారి తప్పితే పనికి రావద్దన్నారంట. 'గంగులన్న కోడిని యాడ దాచినాడో, ఈ రోజు కూయకపోతే పైపు పీకేస్తా' అని ఊగిపోతా ఉండాడంట."

గంగులయ్య మెడ సాగదీసి నోరు తెరిచినాడు. చప్పుడు బయటికి రాలేదు.

"షిఫ్టు చార్టు చదివే కోడి గదా, నీకు చెప్పలేదా?" అనింది ఆదిశేషమ్మ. "లే, పరిగెత్తు. బస్సు ఆరింటికి."

గంప చంకన పెట్టుకొని గంగులయ్య రోడ్డెక్కి పరిగెత్తినాడు. వెనక, సముద్రం పక్కన, ఎవర్నీ అడక్కుండానే పొద్దు పొడిచింది.