నలభై తీర్ల గోపాల్‌పేట

వనపర్తి బస్టాండు పక్కన జమ్ములమ్మ చాయ్ హోటల్ల కంప్యూటర్ ఆపరేటర్ కురుమూర్తి గ్లాసు పట్టుకున్నడంటే ఆటోలోళ్లు బేరాలు వదిలి దగ్గరికి జరుగుతరు. ఆ పొద్దు కోడేరు బస్సు ఇంకా రాలేదు. బల్లలన్నీ నిండి ఉన్నయి. కురుమూర్తి మొదలువెట్టిండు.

"నేను గొప్పలు చెప్పుకోను, మీకు తెల్సు గద. పోయిన ఎండకాలం గోపాల్‌పేటల కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టిన్రు. రెండు వేల పేర్లు. ఏ ఊరికి బస్సు పంపాలెనో లిస్టు సూసి చెప్పాలె, గా పని నాకిచ్చిన్రు. తెరిచి ఊరి పేర్ల కాలమ్ సూస్తే కండ్లు తిరిగినయ్. గోపాల్‌పేట ఒక్కటే ఊరు, నలభై తీర్ల కొట్టిన్రు! ఒకడు గోపాలపేట, ఒకడు గోపాల్ పేట్, ఇంకొకడు గోపాపేట. కొన్నిట్ల పేరు ముందల ఖాళీ, వెనక ఖాళీ. కంప్యూటర్‌కేం తెల్సు? నలభై ఊర్లనుకుంటది, నలభై బస్సులు అడుగుతది."

"మరి చేత్తోని దిద్దుకుంట కూసున్నవా?" అన్నడు ఆటో యేసుబాబు.

"చేత్తోనా? గట్ల దిద్దితే దసరా వస్తుండె. కోడ్ రాసిన. రెండే లైన్లు! ముందల, వెనక ఖాళీలు కొయ్యి అన్న, కోసింది. గడిల ఎక్కడన్న 'గోపా' అని కనబడ్తే ఉన్నదంత తుడిచి గోపాల్‌పేట అని పెట్టు అన్న, పెట్టింది. రెప్ప కొట్టేలోపల కాలమంత సాఫ్!"

"మంచి పనే చేసినవ్" అన్నది జమ్ములమ్మ.

"ఆగక్కా, అయిపోలే. కోసిన ఖాళీలు యాడికి పోవాలె? బల్ల కింద కుప్ప పడ్డయ్. ఊడ్చి సంచులకెత్తితే పదిహేడు సంచులు! బరువేం లేవు, ఖాళీలే గద. కానీ జాగ పట్టినయ్. ఆఫీసోళ్లు బయట నిలబడి సంతకాలు పెట్టిన్రంటే నమ్ము."

యేసుబాబుకు చాయ్ పొలమారింది.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? లిస్టు అయిపోయింది గానీ కోడ్ ఆగలే. వైరు పట్టుకొని గోడ దిగి బజార్ల పడ్డది. దుకాణాల బోర్డులన్నీ దిద్దుకుంట వచ్చింది. గీ బస్టాండుల కండక్టరు 'వనపర్తి, వనపర్తి, వనపర్తి' అని మొత్తుకుంటుండె. ఒక్క పేరు మూడుసార్లెందుకని రెండు తీసేసింది! పాపం, ఒక్కసారే వినబడే, బస్సు ఖాళీగ పోయింది. ఇగ అక్కడికెల్లి గద్వాల తొవ్వ పట్టింది. నేను బండేసుకొని ఎనక పడ్డ. జూరాల కాడ కృష్ణను సూసి 'గీ వంకరేంది, గీ నడుమ దిబ్బలేంది' అని కొయ్యవట్టింది. నది గీత గీసినట్టయింది! మలుపు కాడ మళ్లబోయిన చేపలు పోయి ఒడ్డు మీద పడ్డయ్. రాయచూరు దిక్కున ఒకాయన 'ఏనప్పా ఇదు', ఇదేందయ్యా అని నెత్తి పట్టుకున్నడు. చేసింది ఎనుకకు తీసుకునే మీట ఒక్కటే కొట్టిన, నది ఎప్పటి లెక్కన అయింది. ఇగ క్యాంపు అంటరా, రెండు వేల మందిల ఒక్కరు గూడ తప్పలే!"

"ఏడుగురు తప్పిన్రు బిడ్డా."

వెనక బల్ల మీద తువాల కప్పుకొని కూసున్న ముసలాయన లేచిండు. కోడేరు బాలన్న. ఆయనను సూసి కురుమూర్తి ముఖం మారింది.

"మా ఊరి తొవ్వ గోపాల్‌పేట మీదికెల్లి గద" అన్నడు బాలన్న అందరి దిక్కు తిరిగి. "పేర్లు రాసినాయన 'కోడేరు, వయా గోపాల్‌పేట' అని రాసిండు. ఈ పిలగాని కోడ్ కోడేరును తుడిచేసింది. బస్సు మా ఊరికి రానే లేదు. మా ఇంటామె సత్యమ్మ పొద్దుగాల ఆరు గంటల సంది సద్ది మూట పట్టుకొని రోడ్డు మీద కూసున్నది. ఇగ నాకు సూపు రాదని ఏడ్చింది."

కురుమూర్తి గ్లాసు బల్ల మీద పెట్టిండు.

"గోపాల్‌పేటల పేర్లు పిలిస్తే ఏడుగురు పలుకలే. పాత లిస్టు తీసి సూస్తే గప్పుడు తెల్సింది" అన్నడు కురుమూర్తి మెల్లగ. "నాదే తప్పు బాలన్నా. ఇప్పుడైతే పాత కాలమ్ ముట్టను. పక్కన కొత్త కాలమ్ల దిద్ది, మారిన ప్రతి పేరు చదివినంకనే పంపుతున్న."

"తప్పు ముచ్చట కాదు నేను చెప్పేది. మిట్ట మధ్యాహ్నం బండి మీద మా ఊరికొచ్చి, ఇల్లిల్లు అడిగి, ఇద్దరిద్దరిగ ఏడుగురినీ క్యాంపుకు నువ్వే తీస్కపోతివి. నిన్న నా అంగీ గుండి ఊడితే సత్యమ్మనే సూదిల దారం ఎక్కించి కుట్టింది. గా ముచ్చట చెప్పక నదులు కోసుడేంది?"

కురుమూర్తి తల వంచుకున్నడు. జమ్ములమ్మ వేడి చాయ్ ఇంకొకటి తెచ్చి కురుమూర్తి ముందర పెట్టింది.

"ఎన్నిసార్లు తిరిగినవన్నా గా ఎండల?" అడిగిండు యేసుబాబు.

"నాలుగు సార్లు."

ఆ లెక్క ఇంకా పెరుగుతదేమోనని యేసుబాబు జరసేపు సూసిండు. పెరగలే.