మామయ్య పరిచిన దుప్పటి

వీధిలో అందరూ ఆయన్ని కర్నలు గారంటారు. సైన్యంలో చేరింది మామూలు జవానుగా, బయటికొచ్చిందీ మామూలు జవానుగానే. ఆ పై హోదాలన్నీ తన ఇంటి అరుగు మీద కూర్చుని ఆయనకు ఆయనే ఇచ్చుకున్నాడు. సాయంత్రం మిషను కట్టేసి దర్జీ, మందుల షాపు నుంచి కాంపౌండరు వచ్చి కూర్చుంటే చాలు, ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు మేనల్లుడు కూడా ఉన్నాడు. వాడు సైన్యంలో చేరి ఏడాది కాలేదు. సెలవు మీద వచ్చాడు, రేపే తిరుగు ప్రయాణం. వెళ్ళగానే మేజరుకి ఒక మాట చెప్పాలి, ఆ మాటేదో తేలక వాడికి తిండి సయించడం లేదు. తెలిసినవాళ్ళలో సైన్యం ముఖం చూసింది మామయ్య ఒక్కడే.

"మామయ్యా, ఒకసారి లోపలికొస్తారా?"

"లోపలెందుకురా? మనకేం దాపరికాలా? ఇక్కడే చెప్పు."

వాడు తల వంచుకుని చెప్పాడు. పొద్దుటి తనిఖీకి పక్క నలగకూడదని రాత్రి మంచం కింద పడుకున్నాడు. టార్చి వేసుకుని వచ్చిన సార్జెంటుకి మంచం ఖాళీగా కనబడింది. జవాను పారిపోయాడని సైరన్ మోగించి, కుక్కల్ని వదిలి శిబిరమంతా గాలించారు. అంత గోలకీ వీడికి మెలకువ రాలేదు. మేజరు నవ్వలేదు. "రెండు వారాలు మెస్సులో గుండిగలు తోముతావా, నా శిక్ష వద్దని కోర్ట్ మార్షల్ అడుగుతావా? సెలవు నుంచి వచ్చి చెప్పు" అన్నాడట.

"మంచం కింద పడుకోమని నీకెవరు చెప్పారయ్యా?" అన్నాడు కాంపౌండరు.

వాడు మామయ్య వంక చూశాడు.

"నేనే చెప్పా," అన్నాడు మామయ్య ఏమాత్రం తడుముకోకుండా. "కానీ చెవి ఒకటి తెరిచి పెట్టుకోవాలని వేరే చెప్పాలా? సరే, నా సంగతి విను, ఆ మేజరుకి ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది. నేను దుప్పటి పరిస్తే ముడతనేది ఉండేది కాదు. అదేం గొప్ప కాదు, చాలామందికి వచ్చు. ఒకనాడు మా సార్జెంటు వచ్చి బిగువెంతుందో చూద్దామని దాని మీద చిల్లర బిళ్ళ వేశాడు. అది ఎగిరి మళ్ళీ ఆయన జేబులోనే పడింది. ఆయనకి నమ్మకం కుదరక స్వయంగా కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు దర్జీ.

"రేకుల కప్పుకి ఆ చిల్లు ఇప్పటికీ ఉంది."

"మరి సార్జెంటు?"

"జెండా కర్ర చివర వేలాడుతున్నాడు. అంత ఎత్తు నుంచి కూడా 'కుడివైపు కాస్త వదులు' అని కేకేశాడు చూడు, డ్యూటీ అంటే అదీ! మేజరు నన్ను పిలిచి, గుండిగలా కోర్టా అన్నాడు. కోర్టే అన్నా. ఆయన చేతిలో పెన్ను జారిపోయింది. ఏడుగురు జనరళ్ళు దిగారు. సాక్షిగా మంచాన్ని తెచ్చారు. పెద్ద జనరలు పరీక్షిస్తానని కూర్చున్నాడు, పోయాడు పైకి. ఆయన దిగేలోపు రెండోవాడు, వాడు దిగేలోపు మూడోవాడు. సరిహద్దు అవతల శత్రువులు బైనాక్యులర్లు పెట్టి చూసి, అమ్మో, వీళ్ళు జనరళ్ళనే ఫిరంగి గుళ్ళుగా పేలుస్తున్నారు, మనమెంత అని..."

"తెల్లజెండా ఎత్తారా?"

"ఎత్తారు. ఏం లాభం, దాన్నిండా ముడతలే!"

లోపల నుంచి మాడువాసన వచ్చింది. గుమ్మంలో నిలబడి వింటున్న అత్తయ్య "అయ్యో, పాలు!" అంటూ పరిగెత్తింది.

"ఇంతకీ తీర్పు?" అన్నాడు కాంపౌండరు.

"నన్ను వదిలేసి శిక్ష మేజరుకే వేశారు. ఆయన గుండిగలు తోముతుంటే నేను కుర్చీ వేసుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా."

మేనల్లుడు లేచి నిలబడ్డాడు. మామయ్య మాట వాడికి చిన్నప్పటి నుంచీ వేదం. ఫోను తీశాడు. "సరే మామయ్యా, నేనూ కోర్టే అడుగుతా. రేపటిదాకా ఎందుకు, మేజరు గారికి ఇప్పుడే చెప్పేస్తా."

ఏ జనరలూ అంత వేగంగా ఎగిరి ఉండడు. మామయ్య ఒక్క ఉదుటున వచ్చి ఫోను లాక్కున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా? కోర్టంటే ఆటలనుకున్నావా? ఉద్యోగం ఊడుతుంది, జైల్లో తోస్తారు, ఆ మచ్చ జన్మంతా పోదు! నోరు మూసుకుని గుండిగలు తోముకో. రెండు వారాలు ఎంతలో గడిచిపోతాయి? మాడు కనబడగానే గీకకు, చేతులు పుళ్ళవుతాయి. వేడినీళ్ళు పోసి, సోడా చల్లి వదిలెయ్, భోజనమయ్యాక పట్టు. అంచు నుంచి మొదలెట్టి లోపలికి రా. పెద్ద గుండిగని పడుకోబెట్టి లోపలికి దూరు. వంటవాడితో మాత్రం పేచీ పెట్టుకోకు, కావాలని అడుగంటిస్తాడు వెధవ..."

మామయ్య ఆగాడు.

"కర్నలు గారూ," అన్నాడు కాంపౌండరు నెమ్మదిగా, "తోమింది మేజరు కదా?"

"మేజరే. పక్కన కూర్చుని చూశాను, ఆమాత్రం తెలీదా?"

"లోపలికి దూరి చూశారా?" అన్నాడు దర్జీ.

మామయ్య మీసం సవరించుకున్నాడు. ఎంత సవరించుకున్నా అది నిలబడలేదు.

మేనల్లుడికి నవ్వొచ్చింది, వారం తర్వాత మొదటిసారి. ఆయనా తోమాడన్నమాట, తోమి కూడా ఇంత దర్జాగా కూర్చున్నాడన్నమాట. ఏడుగురు జనరళ్ళు ఇవ్వని ధైర్యం గుండిగలోకి దూరిన మామయ్య ఇచ్చాడు. ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది వాడికి.

"గుండిగలే తోముతానని చెప్తాను మామయ్యా," అన్నాడు.

అంతలో అత్తయ్య పాలగిన్నె పట్టుకుని వచ్చింది. అడుగంతా నల్లగా మాడిపోయి ఉంది.

"ఏమండీ, పెళ్ళయినప్పటి నుంచీ మీకు గిన్నె తోమడం చేతకాదంటున్నారు కదూ?"

"అది కాదే..."

ఆవిడ గిన్నె తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది. "వేడినీళ్ళు పోశాను, సోడా కూడా చల్లాను. భోజనమయ్యాక పట్టండి. అల్లుడు చూసి నేర్చుకుంటాడు."