రూపాయి బిళ్లంత పెసర రంగు

ఆర్మూర్ పసుపు మార్కెట్ రోడ్డు, పొద్దున పది గంటలు. కార్లకు రంగులేసే శ్యామల తన షెడ్డు షట్టర్ దించి లోపలి నుంచి తాళం వేసుకుంది. బయట భీమ్‌రావు, లోపలున్న కారు సొంతదారు. చుట్టూ మార్కెట్ హమాలీలు.

"షట్టర్ లేపు, శ్యామలా! లేపుతవా, గ్యాస్ కట్టర్ తెప్పియ్యాల్నా?"

"తెప్పియ్యి సేటూ. లోపల థిన్నర్ డబ్బాలు ఆరున్నయ్. ఒక్క నిప్పురవ్వ పడితె నీ అంబాసిడరే గాదు, నీ మీసం గూడ మిగులదు."

"నా కారు నాకియ్యనీకి నీకేం రోగం?"

"ఇయ్యనంటలేను. ఇప్పుడు ఇయ్యనంటున్న."

"ఎల్లుండి హైదరాబాద్‌ల పాత కార్ల పోటీ! పది దినాల సంది ఒక్క తలుపుకు రంగెయ్యలే నువ్వు. ఏమడిగిన నేను? అరవై నాలుగు మోడల్, కంపెనీల నుంచి ఎట్ల బయటికొచ్చిందో గట్లనే కావాలన్న. అదే మీగడ రంగు. గంతే గదా!"

"గదే అడిగినవ్. కంపెనీ రంగు పట్టమన్నవ్. పట్టిన."

"మరి వెయ్యి!"

"వేస్తె కారు పెసర రంగుల ఉంటది సేటూ."

"ఏమంటివి?"

"పెసర రంగు. పెసరపప్పు పొట్టు ఉంటది చూడు, గా పచ్చ. ఎండకు రంగు ఎలుస్తది గదా, అందుకే పాత రంగు కలపాలంటె ఎండ తగలని జాగ చూస్తం. డ్రైవర్ తలుపు రబ్బరు పీకిన. కింద మీగడ రంగు. దాని నడుమ రూపాయి బిళ్లంత పెసర రంగు, ఎవలో కావాలని ఇడిసిపెట్టినట్టు."

"బిళ్లంతనా? ఎవలు ఇడిసిపెట్టిన్రు?"

"మీగడ రంగు ఏసినోడు. ఎవలేసిన్రు సేటూ?"

"నాకేం ఎరుక! నాగపూర్‌ల కొన్ననాడే మీగడ రంగుండె. మొదటి ఓనర్ మార్పిచ్చిండేమో."

"ఇప్పుడే గద కంపెనీ రంగంటివి."

"వకీల్ లెక్క అడ్డం మాట్లాడకు! ఎస్సైకి ఫోన్ కొట్టిన. వస్తున్నది."

"మంచిగైంది. నేను కొట్టాల్సిన ఫోన్ నువ్వే కొట్టినవ్. గామె వచ్చేదాంక ఒక్కటి చెప్పు. నాగపూర్‌ల నారింజలు గదా ఫేమస్? పసుపు డ్రమ్ములు ఎప్పటి సంది తిరుగుతున్నయ్?"

"ఏం పిచ్చి మాటలివి?"

"నీళ్ల గరుకు పేపర్ పట్టి రుద్దుతుంటె మీగడ రంగు లోపల ఇసుకోలె పలుకులు చేతికి తగిలినయ్. పచ్చి రంగు మీద దుమ్ము పడి, అట్లనే ఎండితె గట్లయితది. ఏం దుమ్మో తెల్వలే. జర సున్నం నీళ్లు అద్దిన. ఏమైందో చెప్పు."

"నాకేం..."

"పసుపు యాపారం చేస్తున్నవ్, ఆర్మూర్ల పుట్టినవ్! సున్నం తగిలితె ఎర్రగయ్యేది ఏంది సేటూ?"

"... పసుపు."

"తలుపు మీద ఒక్క చుక్క గాదు. పెండ్లిపిల్ల కాళ్లకు పారాణి పెట్టినట్టయింది. గింత దుమ్ము రోడ్డు మీద లేవది. పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటె, దాని పక్కన పెట్టి రంగేసిన్రు. మీ డ్రమ్ము షెడ్డుల గాదా?"

"ఆర్మూర్ల డ్రమ్ము షెడ్డు నాదొక్కటేనా?"

"కారు ఒక్కటే గదా. ముప్పై ఏండ్ల కింద దాన్ని నాగపూర్ నుంచి ఎవలు తెచ్చిన్రు? మీ బాపా?"

"మా బాపు ఏడికెల్లి తెస్తడు? ఆపరేషనై నెల దినాలు బొంబై దవాఖానల పండుకుండె. నేనొక్కన్నే తెచ్చిన. ఇరవై రెండేండ్లు నాకు. నాగపూర్ నుంచి ఆర్మూర్ దాంక బండి ఆపకుంట, ఒక్కన్నే! శివరాత్రి అయిన మూడోనాడు. మార్కెట్ల ఎవల్నన్న అడుగు, ఇప్పటికీ చెప్తరు."

"గీడ నిలబడ్డ హమాలీలంత విన్నరా? ఇంకొక్కపారి గట్టిగ చెప్పు సేటూ."

"ఏందే నీ లొల్లి? నేను కారు తెచ్చుకుంటె నీకేంది?"

"నాకు గాదు. ఎంకవ్వకు."

"ఏ ఎంకవ్వ?"

"ముప్కాల్ ఎంకవ్వ. శివరాత్రి అయిన మూడోనాడు, ఇంకా పొద్దుండంగనే, మొగని సైకిల్ ఎనుక కూసోని వస్తుంటె నాగపూర్ దిక్కు నుంచి వచ్చిన కారు గుద్దింది. మొగడు ఆడనే సచ్చిండు. కారు పెసర రంగుదని పోలీసులకు చెప్పింది. ఎనిమిదోనాడు వాళ్లు ఆర్మూర్ అంత ఎతికితె, పెసర రంగు కారు ఒక్కటి దొరకలే. కొత్తగ వచ్చిన కారు ఒక్కటే. మీది. మీగడ రంగుది."

"తలకు దెబ్బ తగిలిన ముసల్ది..."

"అప్పుడు ముసల్ది గాదు సేటూ. ముప్పై ఏండ్లు నాకు. దెబ్బ తలకు తగిలింది, కండ్లకు గాదు."

"ఎవలది? లోపల ఎవలున్నరు?"

"నేనే. ఎంకవ్వను. శ్యామల అద్దిన సున్నం నా తమలపాకుల సంచిలదే. గా కారు మీదేనని నేను పట్టువడితె, కోర్టుల మీ వకీల్ నన్ను పిచ్చిదన్నడు. ముప్పై ఏండ్ల సంది ఊర్లె పిల్లగాండ్లు 'పెసర కారొచ్చె, ఎంకవ్వా ఉరుకు' అని ఎక్కిరిస్తరు. ఇయ్యాల చేతితోని ముట్టి చూసిన. గదే రంగు."

"ఇగో ఎంకవ్వా, చిన్నమ్మా, జర సమజ్ చేస్కో. మా బాపు తెలివి లేక చేసిండేమో. కన్నతండ్రి, సచ్చిన మనిషి. ఆయన పేరు బజార్ల ఎందుకు పెట్టుడు?"

"ఏ బాపు సేటూ? బొంబై దవాఖానల పండుకున్న బాపేనా?"

"... శ్యామలా."

"చెప్పు."

"షట్టర్ దగ్గరికి రా. మెల్లగ మాట్లాడుదం."

"నేను దగ్గర్నే ఉన్న. నువ్వు గట్టిగనే మాట్లాడు."

"గా రూపాయి బిళ్ల జాడ చూసినప్పుడే నీకు సమజైంది గద, రంగేసిందెవలో?"

"సమజైంది. నువ్వే చెప్పు."

"పెసర రంగు రవ్వంత మిగలకుంట గీకిన అని నాకు ఒట్టేసి చెప్పిండు. ఇడిసిపెట్టిండు, సూడు! ఇగ విను. నడిపినోడు ఒక్కడే లోపలికి పోడు. రంగేసినోడు గూడ పోతడు. ఎస్సై మొదటి మాట గదే అడుగుతది. గా పేరు నీ నోట్లకెల్లి ఎల్లదు, నాకెరుక. ఆర్మూర్ల, నిజామాబాద్‌ల ఇంతమంది రంగులేసెటోళ్లు ఉండంగ కారు నీకే ఎందుకిచ్చిన అనుకుంటున్నవ్?"

"ఏమంటుండు బిడ్డా? పొద్దుగాల సంది నేను గూడ అడుగుతున్న, రంగేసినోడెవడని. సున్నం ఇయ్యమంటవ్, తలుపు సూడమంటవ్, గది మాత్రం చెప్తలేవు."

"చెప్త అవ్వా. జరాగు."

"చెప్పదు ముసలిదానా, చెప్పదు! ఇగో, పోలీస్ జీపొచ్చింది. ఆఖరి మాట, శ్యామలా. కారు బయటికి తియ్యి, మీగడ రంగేసుకుందం, అందరం ఇండ్లకు పోదం. లేకుంటె నీ ఇంట్ల పొయ్యి గూడ ఎలగది."

"ఎలగకపోతె ఎలగకపాయె. ఎస్సై మేడం వచ్చిందా? మేడం, షట్టర్ లేపుతున్న, జర ఎనుకకు జరుగుండ్రి... ఆఁ. గిది కారు. గిది తలుపు, ఎర్ర చుక్కలు ఆరకముందే ఫోటో తీసుకోండ్రి. నడిపింది భీమ్‌రావు సేటు. తన నోటితోనే ఇంతమంది ముంగట చెప్పిండు, ఎవల్నన్న అడుగుండ్రి."

"నేనేం ఒప్పుకోలే మేడం! రంగేసినోని పేరు అడుగుండ్రి గామెను. నోరు లేస్తదేమో సూద్దాం. అడుగుండ్రి!"

"ఎవలు బిడ్డా? నన్ను పిచ్చిదాన్ని చేసినోడెవడు?"

"అవ్వా, నా చెయ్యి ఇప్పుడే ఇడువకు. పేరు ఇన్నంక ఇడుస్తె ఇడువు. గా మనిషి ఏ కారుకు రంగేసినా తలుపు రబ్బరు కింద రూపాయి బిళ్లంత పాత రంగు ఇడుస్తడు, రేపు రంగు కలుపుకునేటోనికి జాడ ఉండాలని. గట్ల ఇడిసేటోడు గీ జిల్లాల ఒక్కడే. నాకు గూడ గట్లనే నేర్పిండు. పొద్దుగాల మంచం కాడ కూసోని అడిగితె, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. రాసుకోండ్రి మేడం. పేరు ముత్తెన్న. మా బాపు."