పొట్లాల అక్క చదువు

ఏంటే అది, నీ ఫోనులో ఒక్కో మాటా వచ్చి మాయమైపోతోంది? ఏదీ, ఇటు తిప్పు. ఊఁ... నేను కళ్ళజోడు సర్దుకునేలోపు నాలుగు మాటలు పోయాయి. ఏంటీ, వేగంగా చదవడం నేర్పుతుందా ఇది? దానంతట అదేనా? స్పీడు మనమే పెంచుకుంటూ పోవాలా? బాగుంది బాగుంది. ఎగతాళి కాదే, నిజంగానే బాగుందంటున్నా. పరీక్షలో పెద్ద పెద్ద పేరాలు ఇస్తున్నారు, చదివేలోపే టైమైపోతోంది అని మొన్న మీ అమ్మ దగ్గర ఏడుస్తుంటే విన్నాలే. విన్నాను, నా చెవుడు నాకు అక్కర్లేని మాటలకే. దానికంత మొహం వేలాడేసుకోవాలా? ఇలా కూర్చో. మా అక్క సంగతి నీకెప్పుడైనా చెప్పానా? లేదా? మీ నాన్నకి చెప్పానేమో మరి. పొట్లాల అక్క అనేవాళ్ళు వీధి వీధంతా. నువ్వు చూళ్ళేదు, మీ నాన్న పాకే వయసులో ఉండగానే పోయింది. అంత వేగంగా చదివే మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. అట్లాంటి మనిషి పరీక్ష తప్పింది. ఎందుకు తప్పిందో చెప్తే నువ్వు నమ్మవు.

మన కిరాణా దుకాణం తెలుసుగా నీకు, ఆ సందు మొగలో ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు చూడు, అదే. అప్పట్లో ఈ ప్లాస్టిక్ సంచులు ఎక్కడివీ? పంచదారైనా మిరియాలైనా కాగితంలో పొట్లం కట్టి దారం చుట్టి ఇవ్వాల్సిందే. దారపు ఉండ పైనుంచి వేలాడుతుండేది, నా నెత్తికి తగులుతూ. నేను తూచేవాణ్ణి, అక్క కట్టేది. బావ చిన్న వయసులోనే పోయాడు, అక్క మా ఇంటికొచ్చేసింది, వచ్చిన మర్నాడే గల్లా పక్కన కూర్చుని పొట్లాలు కట్టడం మొదలెట్టింది. ఊరికే కూర్చోమంటే కూర్చునే రకం కాదులే. మరి కాగితాలో? చిత్తు కాగితాలు గోనెల్లో తెచ్చి పడేసేవాడు ఒకడు. పాత పేపర్లు, వారపత్రికలు, అట్టలూడి చిరిగిన నవలలు, అన్నీ కలగాపులగం. వాటిల్లోంచి ఒక కాగితం పైకి తీస్తుందా, నేను కాటాలో పంచదార పోసి, ముల్లు నిలబడి, పళ్ళెం ఎత్తేలోపు ఆ కాగితం చదివేసేది. పేజీ మొత్తం. చదవకుండా ఒక్క పొట్లం కట్టేది కాదు. మొదట్లో ఆలస్యమయ్యేది. నేను కసిరేవాణ్ణి, "అక్కా, అవతల జనం నిలబడి ఉంటే నీ పురాణమేంటి?" అని. అక్క కళ్ళకే పని పెంచింది. పోను పోనూ ఎలా తయారైందంటే, కళ్ళు పేజీ మధ్యలోంచి సర్రున కిందికి దిగేవి, ఆ వెంటే చేతులు కాగితాన్ని గొట్టంలా చుట్టేసేవి. అది చదవడమని ఎవరికీ తెలిసేది కూడా కాదు.

తెలిసిందెప్పుడంటే, ఎదురింటి టీచరమ్మ ఒకరోజు పొట్లం కాగితం పట్టుకుని వచ్చింది. "ఏమండీ, మీ మినప్పప్పు మీద కథ సగమే ఉంది, మిగతా సగం ఎవరింటికి పోయిందో కాస్త చెప్తారా?" అని. నేను చిత్తు కాగితాల గోనె వైపు చూశాను. అక్క కూర్చున్నచోటే కూర్చుని, "మిగతాది నాకూ దొరకలేదండీ, కానీ ఆ పిల్ల ఊరు వదిలి వెళ్ళదు, పెద్దాయన మనసు మార్చుకుంటాడు" అని చెప్పింది. టీచరమ్మ సంతోషించి వెళ్ళిపోయింది. నేనడిగాను, "దొరకలేదన్నావు, మరి నీకెలా తెలుసూ?" అంటే, "తెలీదురా. అలా అయితే బాగుంటుందిగా" అంది. అంతే, అక్కకి అదొక అలవాటైపోయింది. చిరిగిపోయిన కథలన్నిటికీ చివరలు తనే కట్టుకునేది. ఎన్ని కట్టిందో దానికి లెక్కే లేదు. కానీ మనసులో కోరిక మాత్రం ఒక్కటే. ఒక్క పుస్తకం, ఒకే ఒక్కటి, మొదటినుంచి చివరిదాకా చదవాలని. లైబ్రరీ ఉందిగా అంటావేమో. ఉంది. ఇంటికి పుస్తకాలిచ్చేవాళ్ళు కాదు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. వాళ్ళు తలుపు తీసే వేళకి మేము దుకాణం తీస్తాం, మేము కట్టేవేళకి వాళ్ళెప్పుడో తాళం వేసుకుని పోతారు. ఇంకెక్కడ చదువుతుందీ?

అలాంటి రోజుల్లో ఆ లైబ్రరీలోనే పుస్తకాలు సర్దే ఉద్యోగం పడింది. హైస్కూలు పరీక్ష పాసై ఉండాలన్నారు. వయసు కూడా ఇంతకి మించకూడదన్నారు. అక్కకి ఆ వయసు దాటడానికి కొద్దిగానే ఉంది. ప్రైవేటుగా పరీక్షకి కడతానంది. సరే కట్టు, పొట్లాలెవడు కడతాడో చూద్దాం అన్నాను నేను. అనకేం చేస్తాను, దుకాణం నాది. అయినా తనే గెలిచింది, ఎప్పుడూ గెలిచేదిలే. పుస్తకాలు తెచ్చుకుంది, చదివింది, పరీక్షకి వెళ్ళింది. వెళ్ళిన మనిషి టైము ఇంకా బోలెడుండగానే చక్కా తిరిగొచ్చేసింది! మొహం వెలిగిపోతోంది. "అయిపోయిందిరా, అన్నీ రాసేశాను, మా గదిలో అందరికంటే ముందు బయటికొచ్చింది నేనే" అంది. వచ్చీ రాగానే మళ్ళీ పొట్లాల దగ్గర కూర్చుంది. కాసేపటికి ఆ పరీక్ష రాసొచ్చిన పిల్లొకతె సబ్బు కోసం వచ్చింది. "అమ్మో, వెనకవైపు ఇచ్చిన ఆ వ్యాసం ప్రశ్న ఎంత కష్టంగా ఉందండీ" అంది. అక్క, "వెనకవైపా?" అంది. మెల్లిగా సంచిలోంచి ప్రశ్నాపత్రం తీసింది. తీస్తే ఏముంది తల్లీ... చక్కగా గొట్టంలా చుట్టి, కొస మడిచి, లోపలికి దోపి ఉంది. పొట్లం! చదవడమైపోగానే చేతులు వాటి పని అవి చేసేశాయి. దాన్ని విప్పింది. తిప్పింది. వెనకవైపు నిండా ప్రశ్నలే.

నవ్వొచ్చింది నాకు. ఎందుకు రాదు, నీకూ వస్తోందిగా ఇప్పుడు. పొట్లం కట్టే మనిషికి కాగితం రెండోవైపు తిప్పే తీరికెక్కడుందీ? అన్నేళ్ళూ ఒకవైపే చదివింది పాపం. కానీ అక్క మొహం చూశాక నవ్వడం మానేశాను. అక్క ఏడవలేదు. ఆ కాగితాన్ని బల్లమీద పెట్టి అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది. "ఇంకొక్కసారే ఉందిరా నాకు. ఆ తర్వాత వయసు దాటిపోతుంది" అంది. అప్పటిదాకా ఆ పరీక్ష సంగతి నేనంతగా పట్టించుకోలేదు గానీ, ఆ మాట వినగానే తూచడం ఆపేసి అక్క పక్కన కూర్చున్నాను.

మన దుకాణం మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆ టైపు మాస్టారు మిరియాలకొచ్చి సంగతంతా విన్నాడు, అక్కని రోజూ కాసేపు పైకి రమ్మన్నాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మెట్లు దిగుతుంటే ముందు చాలాసేపు కాళ్ళే కనిపించేవి. ఆయన దగ్గర గుమాస్తాలకి వేగంగా చదవడం నేర్పే పెట్టె ఒకటుండేది. చెక్కపెట్టె, ముందు చిన్న కిటికీ, కిటికీకి ఒక రేకు తలుపు. లోపల మాటలు రాసిన అట్ట పెట్టి తాడు లాగితే తలుపు ఠక్కున తెరుచుకుని మూసుకునేది. ఆలోపు చదివెయ్యాలి. నన్నూ కూర్చోబెట్టాడొకసారి. నాకు తలుపు తీయడం కనిపించింది, వేయడం కనిపించింది, మధ్యలో ఏమీ లేదు. ఇంకొకటి, పేజీ మీద పైనుంచి కిందికి జరిపే అట్టముక్క, చదివిన వరస మళ్ళీ కనబడకుండా మూసేస్తుంది. నాలాంటి వాళ్ళకోసమట. నేను చదివిందే మళ్ళీ వెనక్కెళ్ళి చదువుతాను, తూకం రెండోసారి చూసుకున్నట్టు. "ఇలాగైతే మీరు సాయంత్రానికి గానీ ఉత్తరం కింద సంతకం దాకా రారండీ" అన్నాడు. ఆయన మాటలు అట్లా ఉండేవి.

అక్కకి ఆ పెట్టె ముందు పనే పడలేదు. తలుపు తీయడమే ఆలస్యం, చెప్పేసేది. మాస్టారు పెట్టె పక్కన పెట్టేసి ఒక కథ కాగితం చేతికిచ్చాడు. ఒక ముసలాయనా, ఇల్లొదిలి పోయిన కొడుకూ. అక్క చదివింది, గడగడా చెప్పింది, చివరికి ముసలాయన కొడుకుని క్షమించి ఇంట్లోకి రమ్మన్నాడని కూడా చెప్పింది. మాస్టారు నిదానంగా, "క్షమించాడని ఎక్కడుందమ్మా?" అన్నాడు. "వెనకవైపు ఉంటుంది కదండీ" అంది అక్క. "వెనకవైపు ముసలాయన చచ్చిపోయాడమ్మా" అన్నాడాయన. నేను మెట్లమీద నిలబడి వింటున్నాను, దుకాణం గాలికొదిలేసి. "వేగం మీకు నేను నేర్పక్కర్లేదమ్మా. కానీ మీరు చదివేది సగం, అల్లేది సగం. కథలకైతే ఫర్లేదు. పరీక్షలో ప్రశ్న సగం చదివి మిగతా సగం మీరల్లితే ఎవరు మార్కులేస్తారు?" అన్నాడు. అక్క తలొంచుకుంది. సిగ్గుతో అనుకున్నాను గానీ కాదు, ఆలోచిస్తోంది.

వడ్రంగి చేత ఒక చట్రం చేయించాడు మాస్టారు. ఫొటో కట్టే చట్రంలాగే ఉంటుంది గానీ రెండువైపులా తెరిచే ఉంటుంది. నాలుగు మూలలా బిగింపులు, మధ్యలో ఇరుసు. కాగితం అందులో బిగిస్తే ఇక చుట్టడానికి చేతులకి చిక్కదు, తిప్పితే గిర్రున తిరుగుతుంది. ఆయన పెట్టిన నియమమేంటంటే, ముందువైపు చదవాలి, చదివింది కళ్ళు మూసుకుని చెప్పాలి, వెనకవైపు ఏముంటుందీ అని ఆయనడిగితే "తెలీదు" అనాలి. అప్పుడు తిప్పాలి. "తెలీదు" అనడమే అక్కకి గండమైపోయింది! నోటిదాకా వచ్చేది, మింగేసేది. "బహుశా ఆ అమ్మాయి..." అని మొదలెట్టేది. "తెలీదనండమ్మా." "తెలీదండీ, కానీ..." "కానీ లేదు." ఇదీ వరస. నీ ఫోనులో ఆ ఏర్పాటుందా? చదివిందేంటో మళ్ళీ అడుగుతుందా? అడుగుతుందీ? అయితే మంచిదే, మాస్టారు బుర్రే దానిది.

కింద దుకాణంలో నా పని అయిపోయింది అప్పటికి. ప్రతి కాగితం తిప్పి రెండోవైపు కూడా చదివితే గానీ పొట్లం కట్టదు. జనం బారులు తీరి నిలబడేవాళ్ళు. "ఏమయ్యా, పంచదారకొస్తే పొద్దుగూకేలా ఉంది" అని సైకిల్ షాపాయన గొణిగితే, టీచరమ్మ ఆయన్నే కసిరేది, "ఉండండి, చదువుకోనివ్వండి, మీ పంచదార ఎక్కడికీ పారిపోదు" అని. ఆ వీధికి అదొక పట్టుదలైపోయింది. పొట్లం అందుకుంటూ "వెనకవైపు ఏముందమ్మా ఇవాళ?" అని అడిగేవాళ్ళు. నేను కూడా తూచడం నిదానం చేశాను. ఏం చేస్తాను మరి, ముల్లు కదలకుండా నిలబడేదాకా ఆగడం వ్యాపారికి ధర్మమేగా!

పరీక్ష రోజు నేనే తీసుకెళ్ళాను. దుకాణం మూసేసి. గేటు బయట నిలబడ్డాను. ఒక్కొక్కరే వస్తున్నారు, అక్క రాదు. గంట కొట్టారు, రాదు. గది ఊడ్చే మనిషి కూడా లోపలికెళ్ళింది. నేను గేటు ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నాను. అందరికంటే చివర, మెల్లిగా నడుచుకుంటూ వచ్చింది, ప్రశ్నాపత్రం అరచేతుల్లో పళ్ళెంలా పట్టుకుని. మడత కూడా లేదు దానికి. "ఎలా రాశావే అక్కా?" అంటే, "వెనకవైపు ఏమీ ఇవ్వలేదురా ఈసారి. అయినా తిప్పి తిప్పి చూశాను" అంది. అప్పుడు నవ్వుకున్నాం ఇద్దరం, గేటు దగ్గరే, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా.

పాసైంది. ఉద్యోగమూ వచ్చింది, వయసు దాటకముందే. మొదటిరోజు దుకాణంలో నా పక్కన ఎవరూ లేరు, పొట్లాలన్నీ వంకరటింకర కట్టాను, ఎవరింటికి చేరేలోపు ఏది విడిపోయిందో దేవుడికే తెలియాలి. సాయంత్రం పెందరాళే తాళం వేసి, అక్కని ఇంటికి తీసుకొద్దామని వెళ్ళాను. లైబ్రరీ ఖాళీ అయిపోయింది. లైబ్రరీ చూసుకునే పెద్దాయన తలుపు దగ్గర తాళంచెవులు పట్టుకుని నిలబడి, లోపలికి చూపించాడు. రెండు బీరువాల మధ్య, నేలమీద కూర్చుని ఉంది మా అక్క. ఒళ్ళో లావుపాటి పుస్తకం. అప్పుడే చివరి పేజీ తిప్పింది, అట్ట మీద చెయ్యేసి కూర్చుంది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. ఏమైందే, ఎవరైనా ఏమైనా అన్నారా అని హడలిపోయాను. తల అడ్డంగా ఊపింది.

"ఏంలేదురా తమ్ముడూ. తిప్పినప్పుడల్లా తర్వాతి పేజీ అక్కడే ఉంది. ఎవరింటికీ పోలేదు. తిప్పితే ఉంది, మళ్ళీ తిప్పితే ఉంది... చివరిదాకా ఉందిరా" అంది.

పెద్దాయన తాళంచెవులు జేబులో వేసేసుకుని, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. అక్క లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ పుస్తకం దాని చోట్లో పెట్టి, పక్కది తీసింది. నేను చెప్పులు విప్పి, అక్కడే, పక్కన...

ఊఁ? ఏం లేదమ్మా. ఏం లేదు. ఆ కిటికీ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి, కళ్ళల్లో గాలి కొడుతోంది.