మచ్చల బ్యాగు

ఆదివారం పొద్దున కొత్త దంపతుల వంటింటి బల్ల మీద, భర్త స్వయంగా కుట్టిన తోలు బ్యాగు ఒళ్లంతా మచ్చలేసుకుని కూర్చుంది. మర్నాడే భార్య కొత్త ఉద్యోగంలో చేరాలి. కోపం తెచ్చుకుందామంటే ఆమెకు నవ్వే ముందొస్తోంది.

“ఏమండీ, మేక తోలన్నారు. చిరుతపులి తోలు ఎప్పుడు తెచ్చారు?”

“రంగు ఆరకముందే మెరుపు పూత వేసేశాను. ముట్టుకుంటే ఆరినట్టే ఉంది మరి.”

“ఒకరోజు ఆగమని సీసా మీద రాసుంది కదా?”

“అది కొత్తగా నేర్చుకునేవాళ్లకి.”

“తమరికిది ఎన్నో బ్యాగు?”

“మొదటిదే.”

“మీ మాట నమ్మి పాత బ్యాగు చెల్లికిచ్చేశాను. రేపు కాగితాలన్నీ చంకలో పెట్టుకుని వెళ్లనా?”

“వెటకారం ఆపి ఆ స్పిరిట్ ఇటివ్వవోయ్. పూత తుడిచేసి మొత్తానికి నల్లరంగు వేస్తా. మచ్చలు అందులో కలిసిపోతాయి.”

“మళ్లీ తొందరపడితే?”

“పొడిగుడ్డకి రంగు అంటడం మానేదాకా పూత సీసా నీ దగ్గరే దాచుకో.”

సోమవారం తెల్లవారుతూనే ఆమె గుడ్డతో మూడుసార్లు రుద్ది చూసి, నాలుగోసారి కూడా రుద్దాకే సీసా ఇచ్చింది. అతను పల్చగా పూత వేశాడు. అది ఆరాక బ్యాగు భుజాన తగిలించుకుంటే ఆమె మనసు గంతులేసింది గానీ, మొహంలో తెలియనివ్వలేదు.

“మూత మీద ఒక మచ్చ ఇంకా కనిపిస్తోందోయ్. ఎవరైనా అడిగితే కొన్నానని చెప్పు.”

“అమ్మో! డబ్బు పెట్టి దీన్ని కొన్నానంటే మొదటిరోజే నా తెలివిని అనుమానిస్తారు. మా ఆయన కుట్టారంటే జాలిపడి ఊరుకుంటారు.”