ఏడో వరస

అది కాదు సార్, నన్ను ముందు చెప్పనియ్యండి. చెయ్యి అట్ల ఊపొద్దండి, సూది కదులుతాది. డాక్టరమ్మ ఏం చెప్పింది? గొంతు ఆపరేషనై ఇది మూడోరోజే, వారం దాకా నోరు మెదపకూడదని గదా! మీ ఇంటామె గోదాదేవమ్మగారు తిరుచానూరు గుడికి పోతా పోతా, "గిరిప్రసాద్, సార్ని మాట్లాడనియ్యద్దు నాయనా" అని మిమ్మల్ని నాకే అప్పజెప్పినారు.

పన్నెండేండ్లు మీ కింద పనిచేసినాను. ఒక్కరోజన్నా నా మాట నన్ను ముగించనిచ్చినారా మీరు? ఈ పొద్దు దొరికినారు నాకు!

సరే, వినండి. ఇందాక మీరు కండ్లు మూసుకోని ఉంటిరే, అప్పుడు ఆ నర్సమ్మ, అదే రంగప్రియమ్మ, అడిగింది. "మీరూ దేవనాథన్ గారూ ఏం పని చేసేవాళ్ళన్నా" అని. నేను గొప్పగా చెప్పినాను. డేటాబేస్ సర్వరు తయారుచేసే కంపెనీ అమ్మా మాది, సమాచారమంతా దాచిపెట్టి, అడిగినప్పుడు తీసిచ్చేది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత ప్రశ్నలన్నీ మళ్ళీ అడిగి, పాత జవాబులే వస్తా ఉండాయా అని చూసేది మా పని. ఆ ప్రశ్నలు సగం రాసింది ఈ మంచం మీదుండే సారే, అని.

ఆమె ఏమనింది తెలుసునా? "అట్లనా! మా స్క్రీను కింద కూడా మీ కంపెనీ పేరే పడతాదన్నా" అనింది.

పోయి చూసినాను. పేరు పక్కన వెర్షన్ నెంబరు కూడా ఉండాది. పదకొండు.

అప్పట్నుంచి మూడుసార్లు పోయి ఆ నెంబరే చూసొచ్చినాను సార్.

ఎందుకా? అదే గదా చెప్పాల్సింది. యాడ మొదలు పెట్టేది!

మీ నూటపద్నాలుగో టెస్టు గుర్తుందా? వరసకొకటి లెక్కన ఏడు పేర్లు పెట్టినారు దాంట్లో. ఏడో పేరు చివర ఒక ఖాళీ స్పేసు. మనిషి టైపు చేసేటప్పుడు వేలు తగిలి ఊరికే పడిపోతాదే, ఆ మాదిరి. "కనపడని తప్పు కూడా జనం చేస్తారయ్యా, అప్పుడూ ఏడు వరసలూ రావల్ల" అన్నారు మీరు. మేమంతా వెనక నవ్వుకున్నాము. ముసలాయనకు నిండా చాదస్తం అని. క్షమించండి, కానీ నవ్వినాము.

పదకొండో వెర్షన్లో ఆరే వచ్చినాయి. ఏడోది రాలే. తెర మీద ఎర్రగా ఫెయిల్ అని పడింది.

మీరైతే ఏం చేసుందురు? రావాల్సిన జవాబు ఒక కాగితమ్మీద, వచ్చిన జవాబు ఒక కాగితమ్మీద ప్రింటు తీసి, ఆ చెక్క స్కేలు వరస వరస కింద జరుపుకుంటా చదువుతారు. తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా పెన్సిలు సంతకం పెట్టరు. రిటైరై పోతా పోతా ఆ స్కేలు నాకే ఇచ్చినారు. నా డ్రాయర్లోనే ఉండాది. బయటికి తియ్యలేదు సార్ నేను.

ఆ రోజు శుక్రవారం. మీ కుర్చీలోకొచ్చిన త్రివిక్రమ్ నా నెత్తిన నిలబడుకున్నాడు. "ఒక్క వరస కోసరం వెర్షన్ ఆపేస్తావా అప్పా? కొత్త పద్ధతి అట్లే ఉంటాదిలే, ఎక్స్‌పెక్టెడ్ ఫైలు మార్చెయ్" అన్నాడు. రావాల్సిన జవాబుండే ఫైలు! దాన్ని మార్చేదానికి ఎంతసేపు? వచ్చిన ఆరు వరసల్ని తీసి దానిమీద కాపీ చేసేసినాను. మళ్ళీ నడిపితే అంతా పచ్చ. రెండువేల టెస్టులూ పచ్చగా వచ్చేసినాయి. సోమవారం స్వీట్లు పంచినారు. నేనూ తిన్నాను.

వాని మీదికి తోసేస్తా ఉండానా? లేదు సార్. చెప్పింది వాడే, చెయ్యి మాత్రం నాది. నాకు ఆ రోజు ఇంటికి పోవాలనిపించింది, అంతే. రేణిగుంటలో ఆరు గంటల రైలు పట్టుకుంటే తొందరగా ఇల్లు చేరొచ్చని. అంత చిన్న కారణం!

ఆరు రావడం తప్పని ఇంగ ఏ టెస్టూ చెప్పదు. ఆరు వస్తేనే సరి అని నేనే రాసిపెట్టినాను గదా.

ఉండండి, లేవొద్దండి. ఆ స్క్రీన్లోంచి తీసి మీ మంచం కొసన తగిలించినారే ఈ కాగితం, నేనే చదువుతాను. పడని మందులు. ఒకటి సల్ఫా, రెండు ఆస్పిరిన్, మూడు అయొడిన్. అంతే, మూడే.

పెన్సిలిన్ యాడ?

మూడేండ్ల కింద చేతిమీద గడ్డ లేచిందని మీకు ఆ సూది వేస్తే, మొగమంతా వాచిపోయి ఊపిరాడక, నేనే గదా బండి మీద ఎక్కించుకోని పోయింది! ఆ మందు మీరు మర్చిపోతారా? ఎవరన్నా అడిగితే నాలుగుసార్లు చెప్పే మనిషి మీరు.

చేర్చుకునేటప్పుడు కౌంటర్లో ఆమెకు ఎన్ని చెప్పినారు? వద్దు వద్దు, మాట్లాడొద్దు. వేళ్ళు చూపించండి చాలు.

బొటనవేలు మడిచినారు. మిగతావి?

నాలుగు.

ఆమె నాలుగూ టైపు చేసుంటాది సార్. ఒకదాని చివర వేలు తగిలి ఖాళీ స్పేసు పడుంటాది. లోపల ఆ వరస భద్రంగా ఉంటాది, అడిగితే మాత్రం బయటికి రాదు.

రంగప్రియమ్మా! ఆ ట్రే ఆడ్నే పెట్టమ్మా, రవ్వంత ఆగు. పక్క మంచం అయినాక ఈ మంచానికేనా? ఆ సీసాలో ఏం మందు, ఈ పొద్దు కొత్తగా రాసిందా? పేరు చదువు.

...పెన్సిలిన్ జాతిదేనా?

స్క్రీన్లో లేదంటావా? ఉండదమ్మా. ఎందుకు ఉండదో నాకు తెలుసు. లేకపోయినా సరే అని సంతకం పెట్టింది నేనే. డాక్టరమ్మను పిలువు. ఈ వార్డులో అందరి కాగితాలూ తియ్యమను. రోగుల్నే ఒక్కొక్కరినీ అడగమను, నోరున్నోళ్ళని నోటితో, లేనోళ్ళని వేళ్ళతో. పరుగెత్తమ్మా!

సార్, నా మణికట్టు అంత గట్టిగా పట్టుకోవద్దండి. మీకేం కాదు, నేనుండాను గదా ఈడ.

వేలితో నా అరచేతిలో ఏంది రాస్తా ఉండారు? ఈ వెర్షన్ ఇంకా ఎన్ని ఆస్పత్రుల్లో ఉండాదనా?

మీ వేళ్ళూ నా వేళ్ళూ కలిపినా చాలవు సార్.